కామారెడ్డి దగ్గర ఆగిపోయిన యుద్ధం

మెదక్ వెళ్ళొచ్చానంటే తెనాలిలో ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఒకటే: "చర్చి చూశారా?" చూశానండీ. గొప్పగా ఉంది. రంగుటద్దాల కిటికీల్లోంచి ఎండ పడుతుంటే మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూశాను. కానీ దాన్ని గురించి రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, నేను రాయను. నేను మెదక్‌లో చూసొచ్చింది మన దినపత్రికని. ఏళ్ళ తరబడి పొద్దున్నే కాఫీ గ్లాసుతో పాటు చేతిలోకి వచ్చే పత్రికే. అందులో యుద్ధవార్త ఎలా వండుతారో, ఎవరికి వడ్డిస్తారో, ఎవరి విస్తరి ఖాళీగా వదిలేస్తారో అక్కడికి వెళ్ళాకే తెలిసింది. తెలిసినప్పటి నుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది.

నేను రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాను. పత్రికలకు ఉత్తరాలు రాయడం నా జబ్బు. జబ్బు అన్నమాట మా ఆవిడది. అందులోనూ విదేశీ వార్తల పేజీ అంటే నాకు పాత పగ. ఒకసారి నా బండి పట్టాలు తప్పింది. మర్నాడు పేపర్లో "పన్నెండు వ్యాగన్లు బోల్తా, ప్రాణనష్టం లేదు" అని వేశారు. ఆ వార్త నేను ఆసుపత్రి మంచం మీద, భుజానికి కట్టుతో చదివాను. వ్యాగన్లు లెక్కపెట్టినవాడికి చివరి పెట్టెలో ఒక మనిషి ఉంటాడని తట్టలేదు. మనూరి పక్కన జరిగిన దానికే ఇలా రాస్తే, సముద్రం అవతల జరిగేదానికి ఎలా రాస్తున్నారో చూద్దామని ఆ పేజీ వెంట పడ్డాను. ఇప్పటికీ "ప్రాణనష్టం లేదు" అని కనిపిస్తే నమ్మబుద్ధి కాదు.

మెదక్‌లో నర్సింలు గారిదీ ఇదే జబ్బు. బస్టాండుకు దగ్గర్లో ఎస్టీడీ బూత్ నడుపుతారు. మా పరిచయం ఉత్తరాల శీర్షికలోనే. సంపాదకీయం పక్కన వచ్చే ఆ శీర్షిక రాష్ట్రమంతటా ఒకటే కాబట్టి, నేను ఇరాక్ మీద ఒకటి రాస్తే వారం తిరక్కుండా ఆయన దాన్ని ఖండిస్తూ ఇంకోటి రాసేవారు. పోట్లాట ముదిరి పోస్టుకార్డుల దాకా వచ్చింది. "ఇన్నేండ్ల సంది పేపర్ల కొట్లాడుకుంటున్నం, ఒక్కసారి మొకాలు సూసుకుందాం రాండ్రి" అని ఆయన రాస్తే, సరే కానీ అని బయల్దేరాను. ఇరాక్‌లో పాత ప్రభుత్వం కూలిన మరుసటి ఏడాది అది. ఎండలు ముదురుతున్న రోజులు.

సికింద్రాబాద్

పొద్దున తెనాలిలో పేపరు చదివాకే రైలెక్కాను. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో దిగి, అలవాటు కొద్దీ మళ్ళీ కొన్నాను. అదే పేరు, అదే తేదీ. మొదటి పేజీ మాత్రం వేరు. మాకు కాలవలకు నీళ్ళు వదిలే సంగతి పెద్దక్షరాల్లో వస్తే, ఇక్కడ దాని జాడే లేదు, నగరంలో కట్టబోయే వంతెన బొమ్మ ఉంది. పేజీలు తిప్పుతూ పోయాను. అన్నీ మారాయి, విదేశీ వార్తల పేజీ ఒక్కటే మారలేదు. తెనాలిలో ఉన్న అచ్చుతప్పు సికింద్రాబాద్‌లోనూ అక్కడే ఉంది.

ఆ పేజీ ఎలా ఉందో చెబుతాను. పై సగంలో ఒక హెలికాప్టర్ బొమ్మ. దాని రెక్క పొడవెంత, ఎంత ఎత్తు ఎగురుతుంది, ఎన్ని తూటాలు పేలుస్తుంది, బాణం గుర్తులు పెట్టి మరీ వివరించారు. మోటారు సైకిలు అమ్మేవాడు కూడా ఇంత శ్రద్ధగా చెప్పడు. కింది సగంలో విదేశీ ఫ్రిజ్జు ప్రకటన. దేశం తలుపులు తెరిచాక మన పత్రికలకు రంగులొచ్చాయి సరే, ఆ రంగులో సగం బాంబుల మంటకూ సగం ఫ్రిజ్జులకూ ఖర్చవుతోంది.

ఇక భాష. దండెత్తి వచ్చినవాళ్ళ సేనలు "ముందుకు సాగుతాయి", ఎదుటివాళ్ళు "తెగబడతారు". వీళ్ళ బాంబు "లక్ష్యాన్ని ఛేదిస్తుంది", వాళ్ళ బాంబు "పొట్టన పెట్టుకుంటుంది". రెండూ పేలేది ఇళ్ళ మీదే. వార్తా ఏజెన్సీవాడు ఇంగ్లీషులో ఏ గట్టున కూర్చుని రాస్తే, మనవాడు తెలుగులో అదే గట్టున చేరతాడు. అగ్రరాజ్యం, అగ్రరాజ్యం అని రోజూ రాస్తారు. వాళ్ళకు అగ్రాసనం వేసింది ఎవరయ్యా అంటే మన డెస్కులో కూర్చున్న మన తెలుగువాడే. లాడ్జీలో ఆ రాత్రి భోజనం బాగానే ఉంది, పప్పులో ఉప్పు ఎక్కువైంది. కోపంలో అది కూడా తినేశాను.

నర్సాపూర్

మా వైపు నరసాపురం అంటే గోదావరి, లేసు అల్లికలు. ఇక్కడి నర్సాపూర్ అంటే అడవి. బస్సు ఆగగానే టీ తాగుదామని దిగాను. చిన్న గ్లాసులో చిక్కటి టీ, రెండు గుక్కలకే అయిపోయింది. మా వైపు అలా ఇస్తే గొడవ చేస్తారు. ఇక్కడ అందరూ ఆ రెండు గుక్కలనే పావుగంట తాగుతున్నారు. నేను తాగి వెనక్కి తిరిగేసరికి నా అరటిపళ్ళ సంచి కోతి చేతిలో ఉంది. తిట్టాను. కోతి నాకేసి చూస్తూ తొక్క ఒలిచింది. బస్సులోవాళ్ళంతా నవ్వారు, చివరికి నేనూ నవ్వాను.

నా పక్క సీట్లో కౌడిపల్లిలో దిగాల్సిన ముసలావిడ కూర్చుంది. ఒళ్ళో మూట, చేతిలో తమలపాకులు. నేను విప్పిన పేపర్లో మంటల బొమ్మ చూసి, "గిది ఏం సిన్మ సారూ? ఈరో ఎవ్వలు?" అంది.

"సినిమా కాదమ్మా, యుద్ధం. ఇరాక్ అని, నిజంగా జరుగుతోంది."

"నిజంగనా?" అని బొమ్మ దగ్గరగా చూసింది. "మరి గిట్ల ముస్తాబు జేసి ఏసిండ్రేంది?"

నాకు ఆవిడ మీద నవ్వు రావాల్సింది, పేపరు మీద కోపం వచ్చింది. నిజమే కదా, ముస్తాబే అది. పొగకి నీలం, మంటకి నారింజ, పైన ఎర్రటి అక్షరాల్లో "రణరంగం". ఆవిడ దిగేటప్పుడు నా అరటిపళ్ళు పోయాయని జాలిపడి రెండు జామకాయలు ఇచ్చింది. మా వైపు బస్సుల్లో పక్కవాడి పేరు అడుగుతారు, కులం అడుగుతారు, పండు మాత్రం ఇవ్వరు.

మెదక్, శుక్రవారం

నర్సింలు గారు లావుగా ఉంటారని ఎందుకో అనుకున్నాను, ఆయన ఉత్తరాలు అంత బరువుగా ఉండేవి. తీరా చూస్తే వెదురుబద్దలా ఉన్నారు. కళ్ళజోడు దారంతో మెడకు వేలాడుతోంది. "గార్డు సాబ్! మీరు నల్లకోటు ఏసుకోని జెండ పట్టుకోనొస్తరనుకున్న" అని గట్టిగా కౌగిలించుకున్నారు.

నేను వెళ్ళేసరికి బూత్ ముందు బెంచీల నిండా ఆడవాళ్ళు. శుక్రవారం గల్ఫ్ దేశాల్లో సెలవు. అక్కడి మగవాళ్ళు ఫోన్ చేసేది ఆ రోజే. ఇళ్ళలో ఫోన్లు లేనివాళ్ళంతా పొద్దున్నుంచే వచ్చి కూర్చుంటారు. ఊరికే కూర్చోరు, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. ఆకు కత్తిరించడం, పొగాకు నింపడం, దారం కట్టడం, చూపు మాత్రం ఫోన్ మీద. గంట మోగితే ఇరవై చేతులు ఆగుతాయి. నర్సింలు గారు పేరు పిలుస్తారు, ఒకావిడ చాట పక్కన పెట్టి పరుగెత్తుతుంది, మిగతా చేతులు మళ్ళీ మొదలవుతాయి.

అక్కడే బాలమణిని చూశాను. ముప్ఫై దాటని మనిషి. ఆమె భర్త యాదగిరి కువైట్‌కు ఇంటి డ్రైవరుగా వెళ్ళాడు. యుద్ధం వచ్చాక కంపెనీ అతన్ని ట్రక్కు ఎక్కించింది. సరిహద్దు దాటి ఇరాక్‌లోని సైనిక శిబిరాలకు నీళ్ళూ సరుకులూ మోసే ట్రక్కు. ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. కిందటి శుక్రవారం చెయ్యలేదు. ఆ రోజూ చీకటి పడేదాకా కూర్చుంది. రాలేదు.

ఆమె మరిది శ్రీశైలం వచ్చి జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. వారం కిందటి విదేశీ పేజీ. మడతల దగ్గర చిరిగిపోతోంది, ఎన్నిసార్లు విప్పాడో. "సరఫరా వాహనాలపై దాడి" అని శీర్షిక. కింద నాలుగు వాక్యాలు. ఐదు ట్రక్కులు దగ్ధమయ్యాయి. దాడికి తెగబడినవాళ్ళ కోసం గాలిస్తున్నారు. రహదారి మూసేశారు. సైనికులెవరికీ ప్రాణనష్టం లేదు.

"సూస్తివా వదినే," అన్నాడు శ్రీశైలం, "ప్రాణనష్టం లేదని సాఫ్‌గ రాసిండ్రు. రోడ్డు బందయిందంట. అందుకే ఫోన్ గలుస్తలేదు. పరేషాన్ గాకు."

"ఆదివారం ఏడుపాయలకు పోదాం," అంది బాలమణి. "మంచిగున్నడని కబురస్తె యాటను ఇస్తనని మొక్కిన."

నేను ఆ కాగితం చేతిలోకి తీసుకుని మళ్ళీ చదివాను. సైనికులకు ప్రాణనష్టం లేదు. ఇది తెనాలిలోనూ ఇలాగే వచ్చింది. ఐదు ట్రక్కులు కాలితే ఐదుగురు డ్రైవర్లయినా ఉంటారు కదా? ఏరీ? నర్సింలు గారి వైపు చూశాను. ఆయన కళ్ళతోనే ఆగమన్నారు. ఆ తర్వాత విడిగా అన్నారు: "నాకు సమజ్ గాలేదనుకున్నరా? వారం సంది కువైటు కంపెనీకి జేస్తున్న. ఎత్తుతరు, పేరు చెప్పంగనే పెట్టేస్తరు. కబురు లేకుండ ఏమని చెప్పాలె ఆమెకు?"

శనివారం, రెండు రాజ్యాలు

పొద్దున్నే నర్సింలు గారి భార్య సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కారం కలిపి గిన్నెకు అద్ది కాలుస్తారు. మా దిబ్బరొట్టె దీని ముందు చప్పిడి. ఈ మాట మా ఆవిడ చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

తింటూ పేపరు కోసం కొట్టుకున్నాం. ప్రధాన పత్రిక ఆయన తీసుకుంటే, మధ్యలో ఉండే చిన్న జిల్లా పేపరు నాకు దక్కింది. మెదక్ జిల్లా సంచిక. ఎనిమిది పేజీల నిండా బోర్లు ఎండిపోవడం, గోడల మీద తెలంగాణ నినాదాలు రాసినవాళ్ళ మీద కేసులు, ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం. ఇంత గొడవ ఇక్కడ జరుగుతుంటే మాకు ఒక్క ముక్క రాలేదే అన్నాను.

"ఎట్లొస్తది గార్డు సాబ్? మా లొల్లి మీ ఎడిషన్ల రాదు, మీ కాల్వల ముచ్చట మా ఎడిషన్ల రాదు. మేం రాష్ట్రం గావాలె రాష్ట్రం గావాలె అని మొత్తుకుంటున్నం గని, పేపరోళ్ళు మాకు ఎప్పుడో ఇచ్చేసిండ్రు. ఒక్క రాష్ట్రం గాదు, జిల్లకో రాజ్యం."

"మీకు వేరే రాష్ట్రం ఎందుకండీ, కలిసుంటే బలం కదా" అని నేను మా వైపు అందరూ అనేదే అన్నాను. ఆయన ప్లేటు పక్కన పెట్టి, ఉద్యోగాలూ నీళ్ళూ మొదలుపెట్టి గంటసేపు వాయించారు. నేనూ తగ్గలేదు. ఆయన భార్య మధ్యలో వచ్చి, "ఉత్తరాల కొట్లాడుకుంటె నయముండె, చప్పుడన్న రాకపోవు" అన్నారు. అక్కడితో ఆగాం.

ఆ పోట్లాటలో మేమిద్దరం ఒక్కదాని మీద మాత్రం ఏకమయ్యాం. ఈ జిల్లా సంచికలు మా మీదికి వదిలాక ప్రపంచం రెండు ముక్కలైంది. పెద్ద కాగితంలో రాజ్యాలూ రాయబారులూ హెలికాప్టర్లూ. చిన్న కాగితంలో మనుషులు. కువైట్‌లో మెదక్ మనిషికి ఏమైనా అయితే అది విదేశీ వార్త కాదు, "జిల్లావాసి" వార్త. చిన్న కాగితంలో, ఎరువుల దుకాణం ప్రకటన కింద వస్తుంది. ఆ మనిషిని కాల్చిన యుద్ధం పెద్ద కాగితంలో ఉంటుంది. ఆ రెండు కాగితాలనూ ఒకదాని లోపల ఒకటి పెట్టి మన గుమ్మంలో పడేస్తారు కానీ, లోపలి వార్త పైవార్తను ఎన్నడూ పలకరించదు.

ఏడుపాయల

మంజీర అక్కడ రాళ్ళ మధ్య పాయలుగా చీలిపోతుంది. వనదుర్గమ్మ గుడి చుట్టూ ఆదివారం జనం ట్రాక్టర్ల మీద వచ్చి, బండల సందుల్లో పొయ్యిలు పెట్టుకుంటారు. మా వైపు గుడికి వెళ్తే ప్రసాదం దొప్పలో ఇచ్చి పొమ్మంటారు. ఇక్కడ అమ్మవారికి మేకనో గొర్రెనో మొక్కు చెల్లించి, అక్కడే కోసి, అక్కడే వండి, పక్క పొయ్యివాళ్ళను కూడా పిలిచి పెడతారు. నేను మాంసం తినని మనిషినని తెలిసి బాలమణి అత్తగారు నా కోసం విడిగా పచ్చిపులుసు కలిపారు. కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ, చింతపండు నీళ్ళు, అంతే. వేడి అన్నంలో పోసుకుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి, ఇంకోసారి పోయించుకున్నాను.

శ్రీశైలం హుషారుగా వడ్డిస్తున్నాడు. వచ్చిన చుట్టాలకు జేబులో కాగితం తీసి చూపిస్తున్నాడు. ఒక పెద్దాయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు కూడా. సగం వాక్యాన్ని నమ్ముకుని ఒక కుటుంబం మొక్కు తీర్చుకుంటోంది. రాసినవాడికి ఇంకో నాలుగు మాటలు పడితే సరిపోయేది: డ్రైవర్ల సంగతి ఇంకా తెలియలేదు. తెలియకపోతే తెలియదని రాయడానికి ఏం రోగం? హెలికాప్టర్ రెక్కకు చోటుంది, ఈ నాలుగు మాటలకు లేదా?

అన్నాలయ్యాక బాలమణి చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా బండ మీద కూర్చుంది. అందరికీ నవ్వుతూ వడ్డించిన మనిషి, అప్పుడు నవ్వడం లేదు.

"సారూ, మీరు పేపరోళ్ళకు రాస్తరంట గద. ఒక్కటి చెప్పుండ్రి. ట్రక్కులు కాలినయ్, మిల్ట్రీ వాళ్ళకేం గాలె అని రాసిండ్రు. మరి ట్రక్కులు నడిపెటోళ్ళు మిల్ట్రీ వాళ్ళేనా?"

"కాదమ్మా" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"నాకు తెల్సు. శ్రీశైలం మనసు ఇరగ్గొట్టొద్దని ఊకున్న." కొంగు బిగించుకుంది. "యాటను ఇచ్చిన గద. ఇప్పుడన్న కబురు రావాలె. మంచిదో చెడ్డదో, ఏదో ఒకటి రావాలె."

రామాయంపేట

సోమవారం బయల్దేరాను. నర్సాపూర్ దారి సూసిండ్రు గద, హైవే మీదుగా పోండ్రి అని నర్సింలు గారు రామాయంపేట బస్సెక్కించారు. రామాయంపేట హైవే ఊరు. లారీ మెకానిక్కులు, టైర్ల దుకాణాలు, ఎక్కడ చూసినా డీజిల్ వాసన. హైదరాబాద్ బస్సుకు టైముందని హోటల్లో కూర్చుని ఉడకబెట్టిన శెనగ గుడాలు తీసుకున్నాను. అప్పుడే కామారెడ్డి వైపు నుంచి బస్సొచ్చి ఆగింది. దిగిన ఒకాయన నా ఎదుట టీ తాగి, టిఫిన్ చుట్టుకొచ్చిన పాత పేపరు బల్ల మీద వదిలేసి వెళ్ళిపోయాడు. వదిలేసిన పేపరు చూస్తే నా చెయ్యి ఆగదు.

కామారెడ్డి నిజామాబాద్ జిల్లా. అందులో ఉన్నది నిజామాబాద్ జిల్లా సంచిక. లోపలి పేజీలో, బోరుబావుల మోటార్ల ప్రకటన కింద, బొటనవేలంత వార్త. ఇరాక్‌లో ట్రక్కులపై జరిగిన దాడిలో జిల్లావాసి గాయపడ్డాడు. కాలు విరిగి కువైట్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాడు. చివరి వాక్యం: ఇతని పక్క మంచంపై మెదక్‌కు చెందిన డ్రైవర్ యాదగిరి కాలిన గాయాలతో చికిత్స పొందుతున్నట్లు కుటుంబ సభ్యులు తెలిపారు.

మూడుసార్లు చదివాను. తేదీ చూశాను. శనివారం పేపరు. శనివారం నేనూ నర్సింలు గారూ సర్వపిండి తింటూ ఇదే పేపరు చదివాం. ఇదే పేరు, ఇదే తేదీ. మాకు వచ్చిన కాగితంలో ఇది లేదు. ఇది నిజామాబాద్ వార్త కదా, మెదక్‌వాళ్ళకెందుకు? ఆ వార్త నిజామాబాద్ పేజీలు పెట్టే బల్ల మీద ఉంది, మెదక్ పేజీలు పెట్టేది పక్క బల్ల మీదే అయి ఉండాలి. మెదక్ అన్న మాట కళ్ళెదుట ఉన్నా ఒక్కడూ దాన్ని పక్క బల్లకు తోయలేదు. వాషింగ్టన్‌లో ఎవడో తుమ్మితే తెల్లారేసరికి తెనాలిలో చదువుతాం. బాలమణి మొగుడు బతికున్నాడన్న కబురు కామారెడ్డి నుంచి రామాయంపేట దాటడానికి ఒక బస్సు ప్రయాణికుడు టీ తాగాల్సి వచ్చింది!

హోటల్లో అందరూ నా వైపు చూస్తున్నారు. గట్టిగా ఏదో అనేసి ఉంటాను. గుడాలు వదిలేసి మెదక్ బస్సు ఎక్కాను.

మళ్ళీ మెదక్

నర్సింలు గారు ఆ ముక్క చదివారు. కళ్ళజోడు తుడుచుకుని రిసీవర్ ఎత్తారు. బూత్‌లవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు తెలుసు. కామారెడ్డిలో ఒకాయనకు చేస్తే ఆయన ఇంకో ఊరి బూత్ నంబరు ఇచ్చాడు, అక్కడివాళ్ళు గాయపడిన డ్రైవరు తమ్ముణ్ణి పిలుచుకొచ్చారు. యాదగిరి చేతులు రెండూ కాలాయట. నంబర్లు రాసుకున్న పుస్తకం ట్రక్కుతో పాటే పోయిందట. కంపెనీవాళ్ళు, మేము నిన్ను ఇరాక్ పంపనేలేదంటున్నారట. బూత్ నంబరు ఆ తమ్ముడికి రెండుసార్లు చెప్పి, శుక్రవారం ఆ ఆసుపత్రి నుంచి ఫోన్ చేయించమన్నారు.

బాలమణికి నేనే చెప్పాను. బతికున్నాడని ముందు చెప్పి, చేతుల సంగతి తర్వాత చెప్పాను. ఆమె వెంటనే ఏడవలేదు. "దవాఖానల ఉన్నడు" అని తనలో తాను రెండుసార్లు అనుకుంది. శ్రీశైలం జేబులో కాగితం తీసి చూసుకుని, పరపరా చింపి పారేశాడు. ఆ తర్వాతే ఆమె ఏడ్చింది.

నేను శుక్రవారం దాకా ఉండిపోయాను. ఖాళీగా ఉండలేక ఆ సాయంత్రమే పత్రికకు ఉత్తరం రాశాను. నర్సింలు గారూ నేనూ ఇన్నేళ్ళలో మొదటిసారి ఒకే ఉత్తరం కింద సంతకాలు పెట్టాం. యుద్ధం రాసేటప్పుడు ట్రక్కులతో పాటు మనుషుల్ని కూడా లెక్కపెట్టండి. తెలియకపోతే తెలియదని రాయండి. మనవాళ్ళ వార్తను విదేశీ వార్త పక్కన పెట్టండి, జిల్లా గోడల మధ్య పాతిపెట్టకండి. ఇంతే రాశాం. హైదరాబాద్ వెళ్ళే తెలిసినాయన చేతికిచ్చి ఆఫీసులో ఇప్పించాం.

గురువారం వచ్చేసింది! నాకు గర్వం పట్టలేక తెనాలికి ఫోన్ చేసి, "పేపరు చూడు" అన్నాను మా ఆవిడతో. కాసేపు కాగితాల చప్పుడు. "రెండుసార్లు వెతికాను, ఎక్కడా లేదండీ" అంది. కళ్ళజోడు పెట్టుకో అని కసిరాను. పెట్టుకునే చూశానని తిరిగి కసిరింది. అప్పుడు మళ్ళీ చూశాను. మా ఉత్తరం వేసింది మెదక్ జిల్లా సంచికలో. వీధిదీపాలు వెలగడం లేదన్న ఫిర్యాదుకూ, మురుగుకాలవ పూడిక తీయాలన్న విన్నపానికీ మధ్య. సగం కొట్టేసి, పైన శీర్షిక పెట్టారు: "పత్రికల పంపిణీ మెరుగుపరచాలి."

నర్సింలు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "గార్డు సాబ్, మన లెటర్ సుత రామాయంపేట దాటలే!" నాకు నవ్వు రాలేదు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఏ గోడ గురించి మొత్తుకున్నామో ఆ గోడ లోపలే మా మొత్తుకోలును కూడా పడేశారు. ఆ ఉత్తరం కోసుకుని తెచ్చుకున్నాను. అడిగినవాళ్ళకు చూపిస్తాను.

శుక్రవారం బూత్ ముందు మామూలుగానే చాటలు, బీడీలు. బాలమణి మాత్రం చాట తేలేదు. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. నర్సింలు గారు రిసీవర్ చెవికి పెట్టుకుని, "బాలమణీ" అన్నారు. బెంచీల మీద చేతులన్నీ ఆగిపోయాయి, ఈసారి మళ్ళీ మొదలవలేదు.

అద్దాల గదిలో ఉక్కగా ఉందని తలుపు వేసుకోలేదు, అందుకే మాకు వినిపించింది. అవతల పక్క మంచం నిజామాబాద్ మనిషే, యాదగిరి చెవి దగ్గర ఫోన్ పట్టుకున్నాడట. ఆమె ముందు అన్నం ఎవరు తినిపిస్తున్నారని అడిగింది. రాత్రి నిద్ర పడుతోందా అని అడిగింది. ఇంటికి ఎప్పుడు పంపుతారని అడిగింది, దానికి ఏం చెప్పాడో కానీ తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత అతనేదో అడిగాడు. ఆమె మా వైపు తిరిగి, నా చేతిలో ఉన్న పేపరు చూసింది.

"ఆ, పేపర్ల వచ్చింది" అంది ఫోన్‌లో. "ట్రక్కులొచ్చినయ్. నువ్వు రాలె."